ఒళ్లు ఇదిలించని సుబేదారు

పప్పుల కొట్లో

"పట్టుకోండే దాన్ని! కందిపప్పు మీదకెక్కిందే! బస్తా మీద రెట్ట వేసిందంటే నేనెవరికి అమ్ముకోను భగవంతుడా!" అని సావుకారమ్మగారు పీట మీంచి లెగకుండానే అరుస్తన్నారు.

నేను బస్తాల మద్దెన మోకాళ్ల మీద పాకుతున్నాను. మా అత్త గుమ్మం కాడ కుచ్చిళ్లు పైకి దోపీసి, రెండు సేతులూ సాపి, చేపకి వల అడ్డం పెట్టినట్టు నిలబడింది. సుబేదారు మాత్రం కందిపప్పు బస్తా మీద ఛాతీ ఇరుసుకొని నిల్సొని, కొట్టంతా ఆడి పేర్న రాయించుకున్నట్టు సూసి, మెడ సాపి ఒక్క కూత కూసాడు. సామాన్లకొచ్చిన ఇద్దరు ఒడియా ఆడోళ్లు నవ్వలేక గోడ పట్టుకున్నారు.

సుబేదారంటే మా కోడిపుంజు. ఆడికి తెలీదు గానీ, ఆడి సావుకే మేం బయల్దేరాము.

మొదట్నుంచీ సెప్తాను. మాది సోనేపూరు. బరంపురానికి దిగువని, బహుదా నది సంద్రంలో కలిసే కాడ. తాతల నాటి నుంచీ తెలుగోళ్లమే, ఊరేమో ఒడిశాలో ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపమొస్తే రెండూ. నా పేరు నూకరత్నం, ఎనిమిది దాకా సదివాను. మా ఊరి మగోళ్లంతా వల పట్టుకొని సంద్రం మీదకి ఎల్తే, మా ఆయన ఒక్కడూ తుపాకీ పట్టుకొని మిలట్రీకి ఎల్లాడు.

రెండేళ్ల కిందట సెలవుకొచ్చినప్పుడు చికిటి సంతలో అరవై రూపాయలకి ఒక కోడిపిల్లని కొని తెచ్చాడు. మా ఇల్లు ఒడ్డు మీదే. ఆ పిల్ల పొద్దస్తమానం తడి ఇసకలో పడవల కాడే తిరిగేది. కెరటం వొచ్చి నెత్తి మీద పడినా కదిలేది కాదు, ఈక కూడా దులుపుకునేది కాదు. "మా సుబేదారు సాబు ఇంతే, వర్షంలో పెరేడు పెట్టినా రెప్ప ఆర్పడు" అని మా ఆయన ఆడికి ఆ పేరు పెట్టాడు. ఈయన సిపాయి, ఈయన కోడి సుబేదారు. ఫోన్లో బొమ్మ కనిపించగానే కోడికి సెల్యూటు కొట్టి, తర్వాత నాతో మాటాడతాడు.

పోయిన ఏడాది సరిహద్దు కాడ కాల్పులు మొదలైనాయి. పదకొండు రోజులు మా ఆయన ఫోను పలకలేదు. మా అత్త ఎర్రమ్మ, తుపానులో ఎల్లిన పడవ కోసం సంద్రాన్ని సూసినట్టు, ఆ పదకొండు రోజులూ ఫోన్ని సూసింది. చేపలు కొనుక్కోడానికొచ్చే ఒడియా ఆవిడ సెప్పింది, పురుషోత్తంపూర్ అవతల రుషికుల్య ఒడ్డున ఒక అమ్మవారుందట, ఎనకటి రాజుల సిపాయిలు యుద్ధానికి ఎల్లేముందు ఆవిడ ముందర కత్తులు పెట్టి మొక్కేవోరట. అత్త ఆ నిమిషంలోనే, కాళ్ల కాడ తిరుగుతున్న సుబేదారు నెత్తి మీద సెయ్యెట్టి, "నా కొడుకు గొంతు ఇనబడితే ఈణ్ని నీకిచ్చీత్తానమ్మా" అని మొక్కీసింది.

పన్నెండో రోజు ఫోను మోగింది. అత్త ఎత్తితే, మా ఆయన అన్న మొదటి మాట ఏటో తెల్సా? "అమ్మా, సుబేదారు ఎలగున్నాడు?"

అత్త ఫోను నా సేతిలో పెట్టీసింది. "నేనొచ్చేదాకా ఆణ్ని జాగర్తగా సూడు" అన్నాడు. "అలగే" అన్నాను. ఏం సెయ్యను మరి? అమ్మవారికి అత్త మాటిచ్చింది, మొగుడికి నేను మాటిచ్చాను. రెండు మాటలూ ఆ మనిషి కోసమే. మద్దెన సుబేదారు మెడ ఉంది.

"ఇంకో పుంజుని కొందుము అత్తా, సంతలో బోలెడు" అని ఏడాది పొడుగునా సెప్పాను. "సెయ్యెట్టింది ఈడి నెత్తి మీద. అమ్మ కళ్లు మూసుకున్నాదనుకున్నావేటి?" అనేది. ఏడాది దాటితే మొక్కు మొయ్యలేని బరువైపోద్దని ఆవిడ భయం. కొడుక్కి మాత్రం సెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది.

టీవీలో యుద్ధం

బరంపురం హల్దియాపదర్‌లో ఈ సావుకారమ్మగారి కొట్లోనే పెళ్లికి ముందు రెండేళ్లు పొట్లాలు కట్టాను. పొద్దున్నే బస్సు గాబట్టి ఆ రాత్రికి వోళ్లింట్లో ఆగాము. ఆవిడ గుడ్డేసిన కేకు ముట్టరు, కార్తీకంలో ఉల్లిపాయ కూడా తాకరు. కోడి ఇంట్లోకి రాకూడదంటే సుబేదారుని మేడ మీద బుట్ట కింద మూసి, పైన ఇటిక పెట్టాము.

దీపాలెట్టే ఏళకి అందరం ముందుగదిలో కూకున్నాము. మాకు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి పెట్టారు. పెట్టి, ఒక సేతిలో దోమల బ్యాటు పట్టుకొని మొదలెట్టారు.

"నోరులేని జీవాన్ని చంపితే అమ్మవారు మెచ్చుకుంటుందా ఎర్రమ్మా?" టప్. "అహింసని మించిన ధర్మం ఉందా చెప్పు?" టప్. "ప్రాణం పొయ్యలేని వాళ్లకి తీసే హక్కు ఎక్కడిదే?" టప్ టప్.

మా అత్త ఇడ్లీ తుంచుతూ, "మరి దోమకి నోరున్నాదేటి అమ్మగారూ?" అంది.

"అది కుడుతుంది కదే!"

"మా పుంజు పొడుత్తాది."

నేను మంచినీళ్ల గ్లాసులో మొకం పెట్టీసాను. సావుకారమ్మగారు బ్యాటు పక్కన పెట్టి, "పోనీ గుమ్మడికాయ ఇస్తాను. కుంకం రాసి అమ్మ ముందు పగలగొట్టండి. మా ఇంట్లో అన్నిటికీ అదే" అన్నారు.

"గుమ్మడికాయ మీద సెయ్యెట్టి మొక్కనేదు అమ్మగారూ" అంది అత్త.

అప్పుడే టీవీలో వార్తలొచ్చాయి. తెర నిండా మంటల బొమ్మలు, ఎర్ర అచ్చరాలు, ఎనకాల ఢాం ఢాం అని సినిమా సప్పుళ్లు, ముందర కోటేసుకున్న ఒకాయన గొంతు సించుకుంటున్నాడు. సరిహద్దులో మళ్లీ ఏదో అయ్యిందని. మా సావుకారమ్మగారు, ఇందాకటి అహింస ఆవిడే, కుర్చీలో ముందుకి జరిగి, "ఒక్క బాంబు వేసేస్తే పీడా పోతుంది! ఊళ్లకి ఊళ్లు మాడి మసైపోవాలి! ఒక్క పురుగు కూడా మిగలకూడదు!" అన్నారు. పక్కన పెట్టిన బ్యాటు మళ్లీ సేతిలోకొచ్చి గాల్లోకి లేచింది.

అత్త పళ్లెం కింద పెట్టింది. రోజూ వెయ్యి చేపల మెడలు కోసే మనిషి, ఆ మంటల వైపు సూడలేక మొకం తిప్పీసుకుంది.

"ఆ ఊళ్లలో కూడా కోడిపుంజులుంటాయి అమ్మగారూ" అంది. "నోరులేనియ్యి."

సావుకారమ్మగారు బ్యాటు కిందకి దించారు.

"టీవీ కట్టీండమ్మా. నా కొడుకు అక్కడున్నాడు."

ఆవిడ గబుక్కున లెగిసి కట్టీసారు.  తర్వాత లోపలికెల్లి, పెద్ద పొట్లం అప్పడాలు తెచ్చి అత్త వొళ్లో పెట్టారు. "అబ్బాయికి పార్సిలు చెయ్యండి. మినప్పప్పువి. మిరియాలు దట్టంగా వేయించాను, అక్కడ చలి కదా" అన్నారు. నోరు అలగ గానీ, మనసు మంచిదే. ఆ రాత్రి మరింక దోమల్ని కొట్టలేదు. మమ్మల్ని మాత్రం దోమలు తినీసాయి.

అర టిక్కెట్టు

పొద్దున్న బస్సులో కండక్టరు బుట్టలోకి తొంగి సూసి, "కుకుడాకి కూడా టిక్కెట్టు" అన్నాడు. కుకుడా అంటే ఒడియాలో కోడి.

"నా వొళ్లో కూకుంటాడు గదేటి!" అంది అత్త.

"సీటెక్కినా, వొళ్లో ఎక్కినా, ప్రాణమే. అర టిక్కెట్టు, ఇరవై రూపాయలు."

"అయిదేళ్ల లోపు పిల్లలకి టిక్కెట్టు లేదని అక్కడ రాసున్నాది. ఆడికి రెండేళ్లే" అన్నాను నేను.

బస్సంతా నవ్వింది. ఎనకనించి ఎవరో "పుట్టినరోజు కాగితం సూపించమను" అని అరిసారు. కండక్టరుకి రోషం వొచ్చి, ఇరవై తీసుకొనే ఒదిలాడు. చిల్లర లెక్కపెట్టుకుంటా, "ఇంతకీ ఎక్కడికి తీసుకెల్తన్నారు మావుసీ?" అన్నాడు. మావుసి అంటే వోళ్లకి పిన్ని.

"అమ్మవారికి మొక్కు."

కండక్టరు సెయ్యి ఆగింది. సుబేదారుని సూసాడు. సుబేదారు ఆడి యూనిఫారం బొత్తాలని సూస్తున్నాడు. కండక్టరు ఆ ఇరవై నోటు తీసి అత్త సేతిలో మళ్లీ పెట్టీసాడు. "తిరుగు టిక్కెట్టు లేనోడి కాడ డబ్బులు ఎలగ తీసుకోను మావుసీ. పాపం తగుల్తాది" అని ముందుకెల్లిపోయాడు.

అత్తకి ఆ ఇరవై రూపాయలు వొళ్లంతా గుచ్చుకున్నాయి. "తీసుకోరా బాబూ, తీసుకో" అని బస్సు దిగేదాకా పిలుస్తానే ఉంది. ఆడు ఇనబడనట్టే నటించాడు.

పురుషోత్తంపూర్ బస్టాండులో ఆ ఇరవై పెట్టి బరా కొన్నాము. మన గారెలే, చిల్లు ఉండదు. మనం అల్లం పచ్చడితో తింటాము గదా, వోళ్లు ఎండు బఠానీల కూర దోసెడు మీద పోసి, ఆకు దొప్పలో ఇస్తారు. ఇరవైకి నాలుగు. అత్త ఒకటి తిని, ఒకటి సుబేదారుకి పెట్టింది. అందులోనూ మెత్తటి బాగం తుంచి తుంచి పెట్టింది. "ఆడి డబ్బులే గదేటి" అంది, నేనేదో అడిగినట్టు.

రాతి మీద రాజు

ఇక్కడ నేనొక ఎత్తు ఏసాను, ఒప్పుకుంటాను. అక్కడికి దగ్గర్లోనే జౌగడ ఉంది. బడిలో మాస్టారు సెప్పారు, కళింగ యుద్ధం చేసి మనోళ్లని సంపిన మగధ రాజు, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు నాటించాడని మీరంతా పరీచ్చలో రాసారు సూడండి, ఆ రాజే, అక్కడ కొండరాయి మీద "జీవాల్ని బలివ్వకండి" అని చెక్కించాడని. ఆ రాయి సూపిస్తే అత్త మనసు మారుతుందేమో అని నా ఆశ. "పెద్ద పుణ్యచ్చేత్రం అత్తా, దారిలోనే" అని సెప్పి ఆటో మాట్లాడాను. నూటయాభై తీసుకున్నాడు, గతుకులు ఉచితం.

పొలాల మద్దెన మట్టి గట్టు, రాళ్లు, ఒక షెడ్డు, ఇనప కటకటాలు, లోపల పెద్ద నల్లరాయి. దాని మీద చీమలు పాకినట్టు అచ్చరాలు. అత్త సెప్పులు అల్లంత దూరంలో విప్పి, దండం పెట్టి, హుండీ కోసం ఎతికింది. కాపలా ఉండే ముసలాయన నవ్వి, "ఇక్కడ హుండీ లేదమ్మా, ఇది ప్రభుత్వం" అన్నాడు, తెలుగులో. సూరత్ మగ్గాల కాడ తెలుగోళ్లతో పన్నెండేళ్లు పనిచేసాడట. మన తిట్లన్నీ వొచ్చు, ఆ తర్వాతే మిగతా తెలుగు.

"ఇందులో ఏటి రాసున్నాది తాతా, మా అత్తకి సెప్పు" అని కన్ను గీటాను.

"ఇక్కడ ఏ జీవాన్నీ చంపి బలి ఇవ్వొద్దు అని ఉంది" అన్నాడు.

అత్త బుట్ట మీద సెయ్యేసి, "మరి ఆ రాజు మాంసం తినడం మానీసాడేటి?" అంది.

"అదీ రాసాడమ్మా. ముందు వంటింట్లో రోజూ వేలకి వేలు చంపేవారట. ఇది రాసేటప్పటికి మూడే. రెండు నెమళ్లు, ఒక జింక. జింక కూడా రోజూ కాదట. తర్వాత అవీ మానేస్తాం అని రాసాడు."

"రెండు నెమళ్లా!" అత్త నోటి మీద సెయ్యేసుకుంది. "మనకి కోడి వొద్దని సెప్పి, ఆడు నెమళ్లు తిన్నాడా! తర్వాత మానేత్తానన్నాడా! మా పెనిమిటి కూడా సారా అలగే మానేసాడు. రేపు, రేపు అని కాటికెల్లేదాకా."

నా ఎత్తు బోల్తా కొట్టింది. ముసలాయన మాత్రం నవ్వి, కటకటాల్ని పట్టుకొని ఒక మాట సెప్పాడు. అది నాకు మా మాస్టారు సెప్పలేదు. ఆ రాజు మిగతా దేశమంతా రాళ్ల మీద, "కళింగంలో లచ్చమందిని సంపాను, నాకు బాధగా ఉంది" అని రాయించుకున్నాడట. కళింగంలో, ఇదిగో ఈ రాయి మీద మాత్రం, ఆ ఒక్క ముక్కా రాయించలేదట.

"ఏం? ఎందుకు రాయనేదు?" అంది అత్త.

"ఎవరికి తెలుసమ్మా. పెద్ద పెద్దోళ్లొచ్చి సూసి వెళ్తారు, ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తారు."

"నాకు తెల్సు" అంది అత్త. "మా ఊళ్లో ఒకపాలి పడవల గొడవలో ఒకడు ఇంకొకడి వల కోసీసినాడు. తప్పయిపోనాది, తప్పయిపోనాది అని ఊరంతా తిరిగి సెప్పుకున్నాడు. వల పోనోడి గుమ్మం మాత్రం తొక్కనేదు. ఆడి పెళ్లాం మొకం సూడాల గదేటి."

ముసలాయన అత్త వైపు అలగే సూసాడు. తర్వాత, "మరి ఇక్కడ ఏం రాసాడంటే, మనుషులంతా నా బిడ్డలే అని రాసాడు" అన్నాడు, రాజు తరపున బతిమాలుకుంటున్నట్టు.

అత్త రాయి సుట్టూ ఉన్న కటకటాల్లోంచి ఆ చీమల అచ్చరాల్ని సూసింది. "బిడ్డలని ముందే తెల్సుంటే బాగున్ను" అంది ఆఖరికి. "పదవే. ఎండెక్కుతున్నాది."

అమ్మవారి కాడ

అదే ఆటోలో అమ్మవారి కాడికి ఎల్లాము. గుడంటే గోపురం అదీ ఊహించుకోకండి. ఏటి గట్టు మీద రేకుల పందిరి, కింద సిందూరం పూసిన రాయి, ఆవిడ ముందర తుప్పట్టిన పాత కత్తులు రెండు. పూజారి డెబ్భై ఏళ్ల ఒడియా మనిషి. పంచె మీద మిలట్రీ ఆకుపచ్చ స్వెట్టరు, అంత ఎండలోనూ. తెల్ల మీసాలు రెండూ పైకి మెలేసున్నాయి. పద్దెనిమిదేళ్లు మిలట్రీలో చేసాడట. మా ఆయన పటాలం పేరు సెప్పగానే నిటారుగా అయిపోయి, మా అత్తకి కుర్చీ ఏసాడు. ఆయన ఒడియాలో మాటాడితే మేం ఒడియాలో మాటాడాము, మీకోసం తెలుగులో రాస్తన్నాను.

సుబేదారు కాళ్లకి కట్టిన తాడు ఇప్పి, అమ్మ ముందర నిలబెట్టాము. ఆయన రాయి మీద కత్తి నూరాడు.  "మొగుడికేం సెప్తావే రత్నాలూ" అనుకున్నాను.

ఆయన చెంబులోంచి పసుపు నీళ్లు దోసెట్లోకి పోసుకొని సెప్పాడు, "నీళ్లు జల్లుతాను. ఒళ్లు ఇదిలిస్తే అమ్మ అడిగింది, జీవం ఒప్పుకుంది అని. ఇదిలించకపోతే కత్తి ఎత్తను. మూడుపాళ్లు అడుగుతాను."

ఇది మాకూ తెలిసిన పద్దతే. మా ఊళ్లో గంగమ్మ పండక్కి మేకకైనా ఇలగే నీళ్లు జల్లుతారు. నీళ్లు పడితే ఇదిలించని జీవాన్ని నేనింతవరకూ సూడలేదు. ఎవరైనా చెవిలో నీళ్లు పడితే దులుపుకుంటారు గదా. అది ఒప్పుకోవడమే అనుకుంటాము.

మొదటిపాలి జల్లాడు. నీళ్లు సుబేదారు తురాయి మీద పడి, ముక్కు మీంచి కారాయి. ఆడు నిల్సున్నాడు.

"ఇదిలించు నాయనా" అంది అత్త.

రెండోపాలి రెండు దోసిళ్లు. మెడ ఈకలన్నీ తడిసి అతుక్కుపోయాయి. ఆడు ఛాతీ ఇరుసుకొని, అమ్మవారి వైపు సూస్తా, పెరేడులో ఉన్నట్టు నిల్సున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. సంద్రపు కెరటం నెత్తి మీద ఇరిగినా దులుపుకోనోడికి దోసెడు నీళ్లు ఒక లెక్కా? ఏడాదంతా ఏడ్చాను గానీ, ఈ ముక్క ఒక్కపాలీ ఆలోచించలేదు. సెప్పాలా? "అయ్యా, ఈడు ఒడ్డు మీద పెరిగాడు, ఈడికి నీళ్లంటే లెక్కలేదు" అనాలా? నోరు తెరిసాను. మా ఆయన ఫోన్లో సెల్యూటు కొట్టడం కళ్ల ముందరికొచ్చింది. నోరు మూసీసాను. జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కపాలే, మా ఊళ్లో ఎవర్నైనా అడగండి.

మూడోపాలి ఆయన చెంబు చెంబంతా కుమ్మరించీసాడు. అత్త పెదాలు కదుల్తున్నాయి. ఇదిలించు అందో, ఇదిలించకు అందో, నాకు ఇనబడలేదు.

సుబేదారు రెప్ప ఆర్పలేదు.

ఆయన కత్తి కింద పెట్టీసాడు. "అయిపోయింది. తీసుకెల్లిపో" అన్నాడు.

"అదేటి బాబూ! మరి నా మొక్కు?"

"ఇచ్చావు. అమ్మ తీసుకోలేదు. కొబ్బరికాయ కొట్టు, సాలు."

"ఇంకొక్కపాలి జల్లి సూడు బాబూ, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆడు మొండోడు. నా కొడుకు ప్రాణం ముడిపడున్నాది."

ఆయన అత్త ఎదురుగా నేల మీద కూకున్నాడు. "అమ్మా, నేను యుద్ధానికి ఎల్లాను. అక్కడ ఎవరూ నీళ్లు జల్లి అడగలేదు. నన్నూ అడగలేదు, అవతలోణ్నీ అడగలేదు. ఆడు నా ఈడోడే. ఒప్పుకున్నాడో లేదో ఎవడికి తెల్సు? అందుకే ఇక్కడ మూడుపాళ్లు అడుగుతాను. వొద్దన్నోణ్ని మాత్రం ముట్టను."

అత్త కొంగుతో కళ్లు తుడుసుకుంది. "నా కొడుక్కి ఏటీ అవదు గదా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

ఆయన అవదు అని సెప్తాడనుకున్నాను. పూజారులు అలగే సెప్తారు గదా, దచ్చిన తీసుకొని. ఈయన, "అది నేనెలగ సెప్పను? మా అమ్మక్కూడా ఎవరూ సెప్పలేదు. రోజూ దీపం పెట్టుకునేది" అన్నాడు. కొబ్బరికాయ కొట్టి సగం చెక్క అత్తకిచ్చాడు, చిన్నముక్క సుబేదారుకి పెట్టాడు. దచ్చిన తీసుకోలేదు. "కొడుకు వొచ్చాక తీసుకురా, రమ్ము సీసా తెమ్మను, కేంటీన్‌ది" అన్నాడు.

తిరుగు టిక్కెట్టు

బస్టాండుకొచ్చాక గానీ తెలీలేదు, అత్త కాళ్లకి సెప్పులు లేవు. జౌగడలో రాజు కాడ ఇప్పీసి మర్చిపోయింది. గుడి కాడ ఎలాగూ ఇప్పాల్సిందే గాబట్టి ఇద్దరం సూసుకోలేదు. ఎనక్కి ఎల్దామంటే ఆటోకి నూటయాభై, సెప్పులు నూటిరవై.

"ఉండనీయే" అంది. "అందరూ బిడ్డలే అన్నాడు గదా. దాసుంచుతాడు."

తిరుగు బస్సులో కండక్టరు పొద్దున్నోడే. బుట్టలో సుబేదారుని సూసి, కళ్లు పెద్దవి చేసి, "ఏటి మావుసీ! అమ్మ ఒద్దందా?" అన్నాడు. అత్త తల ఊపింది. ఆడు సంతోషంగా, "అయితే అర టిక్కెట్టు, ఇరవై రూపాయలు" అన్నాడు. ఈసారి అత్త కిక్కురుమనకుండా ఇచ్చీసింది. ఆ టిక్కెట్టు ముక్క మడత పెట్టి రవికలో దాసుకుంది.

బరంపురం దగ్గరపడే ఏళకి వాన మొదలైంది. మా కిటికీ అద్దం సగం లేదు. జల్లు లోపలికొచ్చి సుబేదారు నెత్తి మీద పడతన్నాది. ఆడు కదలడం లేదు. అత్త ఆణ్ని సూసింది. తర్వాత నన్ను సూసింది. నేను బయట సెరుకు రసం బండిని, అక్కడ లేకపోయినా, సూసాను. అత్త తొందరగా కొంగు తీసి బుట్ట మీద నిండా కప్పీసింది.

ఇంటికి చేరేసరికి దీపాలెట్టారు. మా ఆయన ఫోన్లో కనబడ్డాడు. సుబేదారుకి సెల్యూటు. "తడిసిపోయాడేటి, ఎక్కడికి తీసుకెల్లారు?" అన్నాడు. "ఊరు సూపించాము" అన్నాను. అత్త ఎనకనించి, "సావుకారమ్మ నీకు అప్పడాలిచ్చింది రా" అని, మరింకేటీ అనలేక లోపలికెల్లిపోయింది.

తెల్లారి

తెల్లారి నేను లెగిసేసరికి అత్త ఒడ్డున కూకోనుంది. కాళ్ల కాడ సుబేదారు. సేతిలో ఇత్తడి చెంబు నిండా కుళాయి నీళ్లు.

"రాత్రంతా నిద్దర్నేదే" అంది. "ఇప్పుడు నీళ్లేత్తే ఈడు ఇదిలించీసాడనుకో, నిన్న అమ్మ నిజంగానే వొద్దన్నట్టు. ఇప్పుడూ ఇదిలించనేదనుకో, అది ఈడి ఒంటి తీరు. అప్పుడు నాను అమ్మని మోసం సేసినట్టే గదేటి. బస్సులో సరీగా సూడనేదు. నాకు నా సేతి మీద నమ్మకం నేదు. నువ్వెయ్యి, సూద్దుము."

చెంబు నా సేతికిచ్చింది. సుబేదారు నా వైపు తిరిగి, ఛాతీ ఇరుసుకొని నిల్సున్నాడు. ఆడి ఎనకాల ఒక కెరటం ఇరిగి, నురగంతా ఆడి తోక మీంచి పోయింది. అత్త మాత్రం కెరటాన్ని సూడలేదు. చెంబునే సూస్తన్నాది.

నేను చెంబెత్తి, ఒక్క చుక్క కింద పడకుండా, నీళ్లన్నీ గటగటా తాగీసాను. ఖాళీ చెంబు అత్త సేతిలో పెట్టి, "దాహమేసింది అత్తా" అన్నాను.